చోటు లేదని రాసివ్వు, అన్నయ్యా

ఉత్తరం చదవడం అయిపోయింది. లాయరమ్మ కాగితం మడిచింది. మళ్ళీ ఏమనుకుందో విప్పి, చివరి రెండు వాక్యాలూ ఇంకోసారి పైకే చదివింది.

"నా చెల్లెలికి నా ఇంటి తలుపులు ఎల్లవేళలా తెరిచే ఉంటాయి. పరాయి పంచన తలదాచుకోవలసిన గతి మా ఇంటి ఆడపిల్లకి పట్టలేదు, పట్టదు."

చదివి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. కమిటీలో ఇంకో మనిషి, ముసలి డాక్టరుగారు, కాగితం అందుకుని చూసి అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయమ్మా అన్నాడు. ఉంటాయి మరి. మా అన్నయ్య దుకాణాలకి బోర్డులు రాస్తాడు. ఇరవై ఏళ్ళుగా అదే పని. 'ఇచ్చట అన్నియు నాణ్యమైనవే దొరుకును' అని ఎన్ని దుకాణాలకి రాశాడో లెక్కలేదు, అందులో ఎన్ని నిజమో ఎప్పుడూ అడగలేదు. చెల్లెలి కోసం రెండు ముక్కలు రాయమంటే మాత్రం హరిశ్చంద్రుడైపోయాడు.

నేను అడిగిందేమిటి, ఆయన రాసిందేమిటి. పోయిన వారం ఫోన్‌లో చిలక్కి చెప్పినట్టు చెప్పాను. మా ఇంట్లో చోటు లేదు, చెల్లిని ఉంచుకోలేను అని రాసి ఈ ఆఫీసు అడ్రసుకి పంపించు, చాలు అన్నాను. సరేలే, నాకు రాయడం కూడా నేర్పుతావా అన్నాడు. నేర్పాల్సింది.

ఇక్కడి లెక్క తెలియనివాళ్ళకి చెబుతున్నాను. కొట్టే మొగుడి దగ్గర్నుంచి పారిపోయి వచ్చినవాళ్ళని ముప్ఫై రోజులు ఏమీ అడక్కుండా ఉంచుకుంటారు. ఆ పైన కమిటీ ఒప్పుకుంటే ఇంకో పదిహేను. అదీ అయిపోతే మరో పదిహేను ఇవ్వొచ్చు కానీ దానికి కాగితం కావాలి. ఈ మనిషిని మేము ఉంచుకోలేమని దగ్గరి బంధువు రాసివ్వాలి. ఉన్నవి ఎనిమిది మంచాలు. వెళ్ళడానికి వేరే ఇల్లు ఉన్నవాళ్ళు వెళ్ళాలి, లేనివాళ్ళు ఉండాలి. న్యాయమే. వచ్చిన రోజున నాకూ న్యాయంగానే కనిపించింది.

ఇవాళ నాకు నలభై నాలుగో రోజు. రేపటితో సరి.

ఒకటో తారీఖున నాకో గది దొరుకుతుంది. బట్టల కార్ఖానాలో నేను చొక్కాలకి కాజాలు కుడతాను. నా పక్కన ఇస్త్రీ చేసే పిన్ని ఉంది. ఆవిడ గదిలో ఉంటున్న మేనకోడలు ఈ నెలాఖరుకి వేరే చోటికి మారిపోతోంది, తర్వాత నువ్వూ నీ కూతురూ వచ్చెయ్యండి అంది. రేపటికీ ఒకటో తారీఖుకీ మధ్య పదకొండు రోజులు ఉన్నాయి. నేను అడుగుతున్నది ఆ పదకొండు రోజులే. అంతకు మించి ఒక్క పూట కూడా వద్దు.

"మీ అన్నయ్య ఇల్లు ఉంది కదమ్మా" అంది లాయరమ్మ.

ఉందండీ, ఆ ఇల్లు పిల్ల వాళ్ళ నాన్నకి కూడా తెలుసండీ అన్నాను. నా కోసం వాడు మొదట వెతికేది అక్కడేనండీ అన్నాను.

లాయరమ్మ చెడ్డ మనిషి కాదు. ఆ మాట రాయాల్సింది మీ అన్నయ్య అంది. ఆయన వచ్చి మా ఎదురుగా వేరే కాగితం రాసిస్తే ఇవాళే సంతకం పెడతాను, ఈ ఉత్తరం ఒక్కటే ఫైల్లో ఉండగా పెట్టలేను అంది. తర్వాత అడక్కపోయినా ఇంకో మాట చెప్పింది. పసిపిల్లతో ఒకామె మూడు రోజులుగా ఆస్పత్రి వరండాలో కూర్చుని ఉందట, ఇక్కడ మంచం ఖాళీ అవుతుందేమోనని.

నాకు ఆమె మీద కోపం వచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ముఖమైనా చూడని ఆ మనిషి మీద, ఆ పసిగుడ్డు మీద కోపం వచ్చింది. ఆ వెంటనే నా మీద నాకే అసహ్యం వేసింది. నలభై నాలుగు రోజుల కిందట నా కోసం మంచం ఖాళీ చేసి వెళ్ళింది ఎవరో నేనెప్పుడైనా అడిగానా?

*

మమ్మల్ని చూసుకునే వార్డెనమ్మ అన్నయ్యకి ఫోన్ చేసింది. రెండు గంటల్లో వస్తామన్నాడు. వస్తానని కాదు, వస్తామని. అంటే వదిన కూడా వస్తోంది.

మా వదినకీ నాకూ మొదట్నుంచీ ఉప్పూ నిప్పూ. నా పెళ్ళికి ముందు మూడేళ్ళు ఒకే వంటింట్లో మసిలాం. ఆవిడ మూత పెట్టిన గిన్నె నేను తీస్తే తప్పు, తీయకపోతే తప్పు. నేనేమన్నా తక్కువ తిన్నానా, ఆవిడ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చేదాన్ని. అన్నయ్య ఒక్కడు వస్తే కాళ్ళావేళ్ళా పడైనా రాయించుకునేదాన్ని. ఆవిడ పక్కనుంటే ఎలా అడగను అని దిగులు పట్టుకుంది.

ఈ ఆఫీసు మేము ఉండే ఇల్లు కాదు. ఇల్లు ఇక్కడికి రెండు సందుల అవతల ఉంది. దానికి బోర్డు లేదు, గేటుకి నంబరు లేదు. బయటివాళ్ళతో పనులన్నీ ఈ ఆఫీసులోనే. మేడ మీద రెండు గదులు, కింద జిరాక్సు షాపు. ఎక్కాలన్నా దిగాలన్నా ఒకటే మెట్ల వరస, నేరుగా రోడ్డు మీదికి. ఇంటి అడ్రసు సొంతవాళ్ళకి కూడా చెప్పకూడదు అన్నది వచ్చిన రోజు మాకు చెప్పే మొదటి మాట. అన్నయ్యకీ నేను చెప్పలేదు.

మా చిన్నది ఆ ఇంట్లో వంటావిడ దగ్గర ఉంది. ఎనిమిదేళ్ళు. భోజనాల వేళకి వచ్చేస్తానని మాటిచ్చి వచ్చాను. అది కార్ఖానాకి కూడా నా వెంటే వస్తుంది, నన్ను వదిలి ఒక్క పూట ఉండదు. నేను స్నానానికి వెళ్తే తలుపు బయట కూర్చుని "ఉన్నావా" అంటుంది. "ఉన్నాను" అనాలి. నీళ్ళ చప్పుడులో నాకు వినబడక జవాబు చెప్పకపోతే తలుపు బాదేస్తుంది.

ఎదురు చూస్తూ కూర్చుంటే చూపు నా చేతుల మీదికే పోతుంది. నా కుడిచేతి బొటనవేలు వంగదు. వాడు తాగి కొట్టే రకం కాదు, అరిచే రకం అంతకన్నా కాదు. ఆ రోజు కూడా అరవలేదు. నా చెయ్యి పట్టుకుని, వేలు తలుపు సందులో పెట్టి, నెమ్మదిగా తలుపు వేశాడు. తర్వాత తనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. గాలికి తలుపు పడిందని తనే చెప్పాడు. వారం రోజులు తనే అన్నం కలిపి పెట్టాడు. ఇలాంటి మొగుడు దొరకడం నీ అదృష్టం అంది నర్సు. నోట్లో ముద్ద ఉంది. నేను తల ఊపాను.

ఇప్పుడు సూది రెండు వేళ్ళ మధ్య ఇరికించుకుని కుడతాను. పక్కవాళ్ళవి వంద కాజాలయ్యేసరికి నావి అరవై. అయినా మేస్త్రి ఏమీ అనడు, నా కుట్టు విప్పాల్సిన పని రాదు కాబట్టి. ఆ పనీ, పిన్ని గదీ, ఈ రెండే నాకున్న ఆధారం. వాడు నన్ను కనుక్కుంటే రెండూ పోతాయి. నేనూ పోతానేమో. ఈ మాట పగలు అనుకోవడానికి కూడా నాకు భయమే.

*

అన్నయ్య లోపలికి వస్తూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. చిక్కిపోయావే అన్నాడు. వేళ్ళకి నీలం రంగు అంటుకుని ఉంది, పని మధ్యలో దిగి వచ్చినట్టున్నాడు. వదిన గుమ్మంలోనే నిలబడింది, చేతిసంచి గుండెలకి అదుముకుని. నన్ను ఎగాదిగా చూసింది. చూపు నా బొటనవేలి దగ్గర ఆగి, పక్కకి తప్పుకుంది.

వార్డెనమ్మ మాకు లోపలి గది ఇచ్చి, తలుపు ఓరగా వేసి, అవతల కూర్చుంది.

"పద, పోదాం. నీ సామాను ఎక్కడుంది?" అన్నాడు అన్నయ్య.

"నేను ఇంటికి రావడానికి నిన్ను పిలవలేదు అన్నయ్యా. ఇంకో కాగితం రాయడానికి పిలిచాను."

ఏం రాయాలో మళ్ళీ చెప్పాను. వింటుంటే ఆయన ముఖం కందగడ్డలా అయింది. బతికుండగా నా చేత్తో నేను, నా చెల్లికి నా ఇంట్లో చోటు లేదని రాసి సంతకం పెట్టాలా అన్నాడు. అమ్మ పోతూ పోతూ నీ చెయ్యి నా చేతిలో పెట్టింది అన్నాడు. పుట్టిల్లు ఉండగా ఆడపిల్ల సత్రంలో పడి ఉందంటే నలుగురూ నా ముఖాన ఉమ్మరా అన్నాడు.

ఇది సత్రం కాదు అన్నాను. మరేంటి అన్నాడు.

"పడుకుంటే నిద్ర పట్టే చోటు" అన్నాను.

"మన ఇంట్లో పట్టదా?"

"వాడికి మన ఇల్లు తెలుసు."

"తెలిస్తే? నేను లేనా?"

ఉన్నావు అన్నయ్యా, నువ్వు ఎందుకు లేవు అన్నాను. పొద్దున్నే నిచ్చెన భుజాన వేసుకుని పోతావు, దీపాలు పెట్టే వేళకి వస్తావు. ఆ మధ్యలో వాడు వస్తే ఇంట్లో ఉండేది నేనూ, చిన్నదీ, వదినా. ముగ్గురిలో ఎవరు ఆపుతారు వాణ్ణి? నువ్వు రాయనంటే రేపు పొద్దున నేను ఏ గుమ్మం ఎక్కాలో అదీ నువ్వే చెప్పు. పదకొండు రోజులు అన్నయ్యా, పదకొండంటే పదకొండు, తర్వాత నిన్ను ఏదీ అడగను.

ఆయన తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం. నేను బతిమాలడం మానేశాను.

"బావ మునుపటిలా లేడు చెల్లాయ్" అన్నాడు చివరికి.

నీకెలా తెలుసు అన్నాను. నీకెలా తెలుసన్నయ్యా అని మళ్ళీ అడిగాను. ఆయన గోళ్ళలోని నీలం రంగు గీక్కోవడం మొదలుపెట్టాడు.

"నెల రోజులుగా మన ఇంట్లోనే తింటున్నాడు" అంది వదిన.

వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ మాట్లాడిన మొదటి మాట అది. అన్నయ్య నువ్వు ఊరుకో అన్నాడు. నెల నుంచీ ఊరుకున్నాను, ఇంక నా వల్ల కాదు అంది. తలుపు దగ్గర్నుంచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

నేను పారిపోయిన రెండో వారంలో వాడు వచ్చాడట. మెట్ల మీద కూర్చుని ఏడ్చాడట. మా అన్నయ్య మనసు వెన్న కదా, లోపలికి రా బావా అన్నాడట. ఇక అప్పట్నుంచి రెండు పూటలా అక్కడే. తిన్న కంచం తనే కడుగుతాడట. కారుతున్న కుళాయి బాగుచేశాడట. చెల్లెమ్మా చెల్లెమ్మా అని వదినని నోరారా పిలుస్తాడట.

"మీ అన్నయ్య ఉన్నంతసేపే ఆ పిలుపు" అంది వదిన. "ఆయన పనికి పోగానే వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడతాడు. మాట్లాడడు. ఒకరోజు నేను కూరలు తరుగుతుంటే నా చేతిలోంచి కత్తి తీసుకున్నాడు. నేను తరుగుతానులే అన్నాడు. కూర్చుని గంటసేపు తరిగాడు, సన్నగా, ఇంకా సన్నగా. నన్నేమీ అనలేదు పిల్లా. ఒక్క మాట అనలేదు. ఆ కూర నేను వండలేకపోయాను, పారబోశాను."

ఆ గుమ్మంలో నిలబడటం నాకు తెలుసు. ఏమీ అనకపోవడం నాకు తెలుసు.

ఈ సంగతి అన్నయ్యకి చెబితే, నీకు మొదట్నుంచీ మావాళ్ళంటే గిట్టదు అన్నాడట. అన్నయ్య అవునని గానీ కాదని గానీ అనలేదు.

"కాగితం ఇలా ఇవ్వు" అంది వదిన. "నేను రాస్తాను. ఆ ఇంటి ఇల్లాలిని నేను. నా ఆడపడుచుని ఉంచుకోవడం నాకు ఇష్టం లేదని రాస్తాను. నాకేం, ఎలాగూ గయ్యాళిదాన్నేగా."

రాసింది. ఐదో తరగతితో బడి మానేసిన చెయ్యి, ఒక్కో అక్షరమూ ఒక్కో వైపు వాలిపోయింది. మా ఆడపడుచు మా ఇంట్లో ఉండటానికి వీల్లేదు, నేను ఉండనివ్వను అని రాసింది. కాసేపు పెన్ను పట్టుకుని ఆలోచించి, కింద ఇంకో వాక్యం కలిపింది. ఉంటే వాడు చంపేస్తాడు.

నేను ఆ మనిషి చేతులు పట్టుకుని ఏడ్చాను. మూడేళ్ళు ఒక వంటింట్లో ఉండి మేము ఒకరినొకరు ముట్టుకున్నది అదే మొదటిసారి. ఊరుకో, ముక్కు తుడుచుకో, కాగితం తడుస్తుంది అంది.

*

లాయరమ్మ ఆ కాగితం రెండుసార్లు చదివింది. మారు మాట్లాడకుండా సంతకం పెట్టింది. డాక్టరుగారు పెట్టాడు. వార్డెనమ్మ స్టాంపు వేసింది. పదిహేను రోజులు. నాకు కావాల్సినదానికన్నా నాలుగు రోజులు ఎక్కువే. పిన్నికి చెప్పాలి, చిన్నదానికి చెప్పాలి, ముందు వెళ్ళి ఇంత అన్నం తినాలి అనుకున్నాను.

వార్డెనమ్మ వచ్చిపోయేవాళ్ళ రిజిస్టరు తెరిచింది. ఎవరొచ్చినా అందులో రాయాల్సిందే: ఎవరు, ఎవరి కోసం, ఎలా వచ్చారు, వెంట ఎవరున్నారు. మామూలుగా వచ్చేటప్పుడే రాస్తారు, ఇవాళ అన్నయ్య ఏడుపు చూసి ఆవిడ తర్వాత రాద్దామనుకుంది.

"ఎందులో వచ్చారు బాబూ?" అని అడిగింది.

అన్నయ్య జేబులోంచి రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు.

వదిన చెప్పింది. ఫోన్ వచ్చినప్పుడు అన్నయ్య ఇంటి వాకిట్లోనే బోర్డు రాస్తున్నాడట, వాడు లోపల టిఫిను తింటున్నాడట. నేను దింపుతాను పదండి అన్నాడట. వాడు పార్శిళ్ళు పంచే వ్యాన్ తోలుతాడు. వద్దంటే అన్నయ్య వినలేదట. తను రాకపోతే అన్నయ్య నన్ను ఇంటికి లాక్కొచ్చేస్తాడని తనూ ఎక్కిందట. బస్టాండు దగ్గరే దిగిపోయాం, వ్యాన్ వెళ్ళిపోవడం నా కళ్ళతో చూశాను, అక్కణ్ణుంచి ఆటోలో వచ్చాం అంది.

"వెళ్ళిపోయాడు కదండీ?" అంది అన్నయ్య వైపు తిరిగి.

అన్నయ్య తల వంచుకుని, దూరం నుంచి పిల్లని ఒక్కసారి చూసుకుంటానన్నాడు అన్నాడు. తండ్రి కదా, ఎలా కాదనను అన్నాడు.

లాయరమ్మ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. కర్టెన్ ముట్టుకోకుండా పక్క సందులోంచి చూసి, తెల్ల వ్యానేనా అని అడిగింది.

నాకు చూడాల్సిన అవసరం లేదు. అయినా చూశాను. రోడ్డు అవతల, సైకిళ్ళ షాపు ముందు ఉంది. అద్దం సగం దించి ఉంది. మోచెయ్యి బయటికి పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరికో పార్శిల్ ఇవ్వడానికి వచ్చినవాడిలా తీరిగ్గా ఉన్నాడు.

"ఈ ఆఫీసు అడ్రసు ఆయనకి ఎవరు చెప్పారు?" అంది వార్డెనమ్మ.

ఎవరూ చెప్పలేదండీ అన్నాడు అన్నయ్య. ఉత్తరం పోస్టులో వేసింది బావే. తర్వాత ఇంకా ఏదో చెప్పాలని నోరు తెరిచి మూశాడు. వదిన, చెప్పండి, అదీ చెప్పెయ్యండి అంది.

"ఆ చివరి రెండు వాక్యాలు బావ చెప్పినవి" అన్నాడు అన్నయ్య. "బాగున్నాయనిపించింది చెల్లాయ్. నా మనసులో ఉన్నదే అనిపించింది. రాసేశాను."

పొద్దున లాయరమ్మ పైకి చదివింది వాడి మాటలు. ఇక్కడి నియమం ఏమిటో, ఏం రాస్తే నన్ను బయటికి పంపుతారో, వాడికి వారం కిందటే తెలుసు. నేను ఫోన్‌లో అన్నయ్యకి విడమరిచి చెప్పిందంతా అన్నయ్య పోయి వాడికి విడమరిచి చెప్పాడు. ఇల్లు కనుక్కోవడానికి వాడు ఊరంతా తిరగాల్సిన పనే లేకపోయింది. రేపు పొద్దున నేను సంచి పట్టుకుని నా కాళ్ళతో నేనే వాడు తినే ఇంటికి నడిచి వెళ్ళాల్సిందన్నమాట.

*

లాయరమ్మ పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేసింది. బయల్దేరుతున్నాం అన్నారట. వార్డెనమ్మ వంటావిడకి ఫోన్ చేసి గేటుకి లోపల్నుంచి తాళం వెయ్యమంది, పిల్లల్ని వెనక గదిలో కూర్చోబెట్టమంది. తర్వాత నా దగ్గరికి వచ్చి కూర్చుంది. ఈ మనిషి గట్టిగా మాట్లాడితేనే నాకు ధైర్యంగా ఉంటుంది. ఇప్పుడు చాలా మెల్లగా మాట్లాడింది.

ఆ కాగితం ఇంక పనికిరాదు అంది. మనిషి ఆఫీసు దాకా వచ్చాడంటే ఈ ఊళ్ళో నిన్ను ఉంచడానికి లేదు. నీ ఒక్కదాని గురించి కాదమ్మా, అక్కడ ఇంకా ఏడుగురు ఉన్నారు, వాళ్ళ పిల్లలున్నారు. వేరే ఊళ్ళో ఇలాంటి ఇల్లే ఉంది, మాట్లాడతాను. ఇవాళే వెళ్ళాలి.

"అక్కడ ఎన్ని రోజులు?" అన్నాను.

"అక్కడ నీకు మళ్ళీ ఒకటో రోజు. ముప్ఫై రోజులు ఉంటాయి."

పదకొండు రోజుల కోసం పొద్దుట్నుంచీ దేవులాడిన దానికి ముప్ఫై రోజులు ఇస్తున్నారు. నాకు నవ్వొచ్చింది, ఏడుపులాంటి నవ్వు. కార్ఖానా ఈ ఊళ్ళో ఉంది. పిన్ని గది ఈ ఊళ్ళో ఉంది. అరవై కాజాలు కుట్టే మనిషిని కొత్త ఊళ్ళో ఏ మేస్త్రి చేర్చుకుంటాడు? పనీ గదీ లేకుండా ముప్ఫై రోజులయ్యాక మళ్ళీ ఏ కమిటీ ముందు నిలబడాలి, మళ్ళీ ఎవరి చేత ఏం రాయించాలి?

అవన్నీ తర్వాతి సంగతులు అంది వార్డెనమ్మ. ముందు ఇక్కణ్ణుంచి బయటపడాలి. మెట్లు దిగితే వాడి కళ్ళలో పడతాం. నువ్వు ఇంటికి వెళ్తే వెనకే వస్తాడు. అందుకని పోలీసులు వచ్చేదాకా నువ్వు నీ కూతురి దగ్గరికి వెళ్ళకూడదు.

ఆవిడ చేతిలో ఫోన్ మోగింది. వంటావిడ. పిల్ల ఒకటే పోరు పెడుతోంది, ఒక్కసారి మాట్లాడమనండి అంది. వార్డెనమ్మ ఫోన్ నాకిచ్చింది.

"ఉన్నావా?" అంది చిన్నది.

"ఉన్నాను."

"భోజనాలు పెట్టేశారు. నీ కంచం నా పక్కనే పెట్టుకున్నాను."

నువ్వు తినెయ్యి తల్లీ, కొంచెం పని ఉంది అన్నాను. ఎంత పని అంది. కొంచెమే అన్నాను. నా గొంతులో దానికి ఏం వినిపించిందో, ఇంకేమీ అడక్కుండా ఫోన్ వంటావిడకి ఇచ్చేసింది. అది అలా ఊరుకుంటే నాకు మరీ భయం.

"నేను కిందికి వెళ్తాను" అన్నాడు అన్నయ్య.

అందరం ఆయన వంక చూశాం. పోలీసులు వచ్చేదాకా ఎవరూ కదలొద్దు అంది లాయరమ్మ. ఎంతసేపు ఆగుతాడండీ వాడు, ఇంకాసేపు చూసి పైకే వస్తాడు అన్నాడు అన్నయ్య. పెళ్ళైన ఇన్నేళ్ళలో మా ఆయన్ని అన్నయ్య 'వాడు' అనడం నేను మొదటిసారి విన్నాను.

ఏం చెబుతారు అంది వదిన. చెల్లి ఇక్కడ లేదని చెబుతాను, నిన్ననే వేరే ఊరు పంపేశారట, మనల్ని అనవసరంగా పిలిపించారు, పోదాం పద అని చెబుతాను అన్నాడు. చెబుతున్నప్పుడే మాటలు తడబడుతున్నాయి. వదిన ఆయన చొక్కా కాలరు సరిచేసి, ఎక్కువ మాట్లాడకండి అంది. మీకు రాదు, అడ్డంగా తల ఊపండి చాలు అంది.

ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. మెట్లు దిగాడు.

నేను కిటికీ పక్కన గోడకి ఆనుకుని చూశాను. అన్నయ్య రోడ్డు దాటాడు. వాడు వ్యాన్ తలుపు తీసి కిందికి దిగాడు, నవ్వుతూ. ఎండలో ఎందుకు నిలబడ్డావు బావా అన్నట్టుగా అన్నయ్యని షాపు నీడలోకి జరిపాడు. అన్నయ్య మాట్లాడాడు. అడ్డంగా తల ఊపాడు. ఇంకోసారి ఊపాడు. వాడు ప్రతి మాటకీ అవునవునన్నట్టు వింటున్నాడు. పోలీసు జీపు కోసం రోడ్డు చివరిదాకా చూశాను. కూరగాయల బండి ఒకటి వస్తోంది, అంతే.

అప్పుడు వాడు అన్నయ్య భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వంగి, ఏదో ఒకటి అడిగాడు. చిన్న ప్రశ్నే అయి ఉంటుంది. మా అన్నయ్య తల ఊపలేదు. అవునని గానీ కాదని గానీ అన్నట్టు లేదు. అలా నిలబడిపోయాడు.

వాడు అన్నయ్య భుజం తట్టాడు. వ్యాన్‌లోకి వంగి తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ఇద్దరూ రోడ్డు దాటి, కిటికీ కిందికి వచ్చి, నాకు కనబడకుండా పోయారు.

వార్డెనమ్మ తలుపు గడియ పెట్టింది. వదిన బల్లని తలుపు మీదికి నెట్టబోయి, ఒక్కతే నెట్టలేక నా వైపు చూసింది. నేను వెళ్ళి పట్టుకున్నాను.

మెట్ల మీద చెప్పుల చప్పుడు మొదలైంది. రెండు జతలు. వాటిలో ముందు ఎక్కుతున్నది మా అన్నయ్యో, వాడో, చప్పుడుని బట్టి నాకు తెలియలేదు.